మన ఎండల్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్: కొత్తవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కంప్యూటర్లు అమ్మేవాణ్ని కాదు. విజయవాడ సత్యనారాయణపురంలో ఇంట్లో కూర్చుని పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ముహూర్తాల సీజన్‌లో ఎక్స్‌పోర్ట్ ఎంత తొందరగా అయితే అంత తొందరగా నిద్రపోవచ్చు. నాకీ ఓవర్‌క్లాకింగ్ పిచ్చి అలా పట్టుకుంది. ఇప్పుడు మా వీధి కుర్రాళ్లు, గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పిన్ని కొడుకు, వాడి హాస్టల్ ఫ్రెండ్సు అందరూ ఫోన్ చేసి అడిగేవి ఇవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పడం కష్టంగా ఉంది, అందుకే రాసి పెడుతున్నాను.

అసలు ఓవర్‌క్లాకింగ్ అంటే ఏంటన్నా?

ప్రాసెసర్ పని అంతా ఒక తాళానికి నడుస్తుంది. మదర్‌బోర్డు ఇచ్చే బేస్ క్లాక్ సాధారణంగా 100 మెగాహెర్ట్జ్. దాన్ని ప్రాసెసర్ ఒక సంఖ్యతో గుణించుకుంటుంది. ఆ సంఖ్య 42 అయితే 4200 మెగాహెర్ట్జ్, అంటే 4.2 గిగాహెర్ట్జ్. ఆ గుణకాన్నే మల్టిప్లయర్ అంటారు. దాన్ని 42 నుంచి 46కి పెంచితే ఓవర్‌క్లాక్ చేసినట్టే. బేస్ క్లాక్‌ని కూడా పెంచొచ్చు కానీ దాని జోలికి మీరు వెళ్లకండి, దాంతో పాటు వేరే భాగాలు కూడా కదులుతాయి.

చిక్కంతా వోల్టేజీ దగ్గర వస్తుంది. తాళం పెంచితే ట్రాన్సిస్టర్లు అందుకోవడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్రాసెసర్ తినే కరెంటు ఫ్రీక్వెన్సీతో మామూలుగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గంలా పెరుగుతుంది. ఒక లెక్క వేసి చూడండి. 4.2 నుంచి 4.6 గిగాహెర్ట్జ్‌కి వెళ్లడానికి 1.15 వోల్టుల నుంచి 1.30కి పెంచారనుకోండి. స్పీడు పెరిగింది పదో వంతు లోపే. వేడి పెరిగేది దాదాపు 40 శాతం. కొత్తవాళ్లు 4.6 అనే అంకె చూసి మురిసిపోతారు, ఆ 40 శాతాన్ని ఎవరూ చూడరు.

చేస్తే ఎంత లాభం ఉంటుంది?

నిజం చెప్పాలంటే ఈ రోజుల్లో తక్కువ. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఎ అని ఒక చవక ప్రాసెసర్ వచ్చింది. దాని బస్ స్పీడు, అంటే అప్పటి బేస్ క్లాక్, 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ కాస్తా 450 అయ్యేది. సగానికి సగం ఫ్రీగా వచ్చినట్టే. అప్పట్లో కంపెనీలు అంత జాగా వదిలేసేవి. ఇప్పుడు ఆ జాగానంతా ప్రాసెసరే టర్బో, బూస్ట్ పేర్లతో వాడేసుకుంటోంది. మనకి మిగిలేది చెరుకు పిప్పి.

నాది రైజెన్ 5 5600, ఆరు కోర్లు, అంటే ఆరు పని చేసే భాగాలు ఉన్న ఏఎండీ ప్రాసెసర్. అందులో ఎఫెక్టులు ఎక్కువున్న ఒక పెళ్లి టైమ్‌లైన్, ప్రాసెసర్ మీదే నడిచే ఎక్స్‌పోర్ట్, 20 నిమిషాలు పట్టేది 18న్నరకి వచ్చింది. రోజుకి ఐదారు చేసేవాడికి అది పనికొస్తుంది. గేముల కోసమైతే ముందు ఒకటి చూడండి. గేమ్ ఆడుతుండగా గ్రాఫిక్స్ కార్డు వాడకం 95 శాతం దాటి ఉంటే ప్రాసెసర్‌ని ఎంత లాగినా మీకు ఒరిగేదేమీ లేదు. అక్కడ అడ్డం పడుతున్నది కార్డు.

నా ప్రాసెసర్‌కి అవుతుందా?

ఇంటెల్ అయితే పేరు చివర కె ఉండాలి: 12600కె, 13700కె, 14600కెఎఫ్ లాంటివి. కెఎఫ్ అన్నా కుదురుతుంది, ఆ ఎఫ్‌కి అర్థం లోపల గ్రాఫిక్స్ లేవని మాత్రమే. వాటితో పాటు బోర్డు జెడ్ సిరీస్ అయి ఉండాలి, జెడ్690, జెడ్790 అలా. బి660, బి760 బోర్డుల్లో ర్యామ్ స్పీడు పెంచుకోవచ్చు గానీ ప్రాసెసర్ మల్టిప్లయర్ పెరగదు. మన దగ్గర ఎక్కువమంది కొన్న 12400కి ఈ సౌకర్యం లేదు. బాధపడకండి, అది ఉన్నదున్నట్టుగానే మంచి ప్రాసెసర్.

ఏఎండీ రైజెన్‌లు దాదాపు అన్నింటికీ మల్టిప్లయర్ తెరిచే ఉంటుంది. బోర్డు మాత్రం బి లేదా ఎక్స్ సిరీస్ కావాలి: బి450, బి550, బి650, ఎక్స్570. ఎ320, ఎ520 బోర్డుల్లో కుదరదు. 5800ఎక్స్3డీకి మల్టిప్లయర్ తాళం వేసి ఉంటుంది, దాని మీద పేర్చిన అదనపు క్యాష్ మెమరీ వేడికి, వోల్టేజీకి ఓర్చుకోలేదు కాబట్టి.

లాప్‌టాప్‌లో?

వద్దు.

పార్టులు ఏవి బాగుండాలి?

కూలర్, పవర్ సప్లై, బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్ఎం. ఈ మూడూ.

డబ్బాలో వచ్చే చిన్న కూలర్‌తో ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టకండి. 5600తో వచ్చే స్టెల్త్ కూలర్ మామూలు పనికి సరిపోతుంది, అంతకు మించి ఆశించకూడదు. నాలుగు హీట్ పైపులు, 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ పెట్టుకుంటే ఆరు కోర్ల ప్రాసెసర్‌కి చాలు. పవర్ సప్లై విషయంలో డబ్బా మీద 80 ప్లస్ అని ఉంటే చాలనుకుంటారు. ఆ ముద్ర కరెంటు వృథా గురించి చెబుతుంది, లోపలి రక్షణ గురించి కాదు. పేరు తెలియని 500 వాట్ల సప్లైతో ఉన్నవాళ్లు ఇక్కడే ఆగి, ముందు అది మార్చుకోండి. వీఆర్ఎం మీద హీట్‌సింక్ లేని బోర్డులో ఎనిమిది కోర్ల ప్రాసెసర్‌ని లాగడం కూడా అలాంటి పనే.

ఇంకో మాట. కూలర్ అడుగున పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పొర తీశారా? నవ్వకండి. నా దగ్గరికి "టెంపరేచర్ 95 అన్నా" అంటూ వచ్చిన సిస్టమ్‌లలో రెండింటికి ఆ పొర అలాగే ఉంది.

మన ఎండల్లో చేయొచ్చా? బెజవాడని బ్లేజ్‌వాడ అంటారు కదా!

అసలు ప్రశ్న ఇదే. యూట్యూబ్‌లో చూసే వీడియోలు ఎక్కువ శాతం చలి దేశాలవి. వాళ్ల గది 20, 21 డిగ్రీలు. మన గది మే నెల మధ్యాహ్నం ఏసీ లేకపోతే 37, 38. ఏ కూలరైనా చేసేది ప్రాసెసర్ వేడిని గది గాలిలోకి తోయడమే. గది గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. వీడియోలో 72 అని చూపించింది మన దగ్గర 88, 89 అవుతుంది. సెట్టింగ్ అదే, కూలర్ అదే.

నా అనుభవం చెబుతాను. ఒక సంక్రాంతి సెలవుల్లో కూర్చుని 5600ని అన్ని కోర్లూ 4.7 గిగాహెర్ట్జ్‌కి, 1.3 వోల్టులకి పెట్టాను. గదిలో 25 డిగ్రీలు. పది నిమిషాలు సినీబెంచ్ అనే స్పీడు పరీక్ష ప్రోగ్రామ్ నడిపితే 78 దగ్గర నిలబడింది. గాలిపటం ఎగరేసినంత సంబరం. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టాను, అందరూ దండాలు పెట్టారు. ఫిబ్రవరి, మార్చి బాగానే గడిచాయి.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలే ఎండ అంటారే, సరిగ్గా అది. రేపు రిసెప్షన్‌లో వేయాల్సిన వీడియో, మధ్యాహ్నం మూడింటికి ఎక్స్‌పోర్ట్ పెట్టి అన్నానికి లేచాను. వచ్చి చూస్తే నీలం తెర. మళ్లీ పెట్టాను. 60 శాతం దగ్గర మళ్లీ అదే. మూడోసారి ఎక్స్‌పోర్ట్ పూర్తయింది కానీ తలంబ్రాల సీన్ మధ్యలో రెండు సెకన్లు ఆకుపచ్చ గళ్లు. అది నేను చూడకుండా పంపించి ఉంటే ఏమయ్యేదో! చివరికి బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో, అన్నీ మామూలు స్థితికి తెచ్చి, టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి, రాత్రి పదకొండుకి ఇచ్చాను.

జరిగిందేంటంటే, చిప్ వేడెక్కే కొద్దీ అదే ఫ్రీక్వెన్సీని మోయడానికి ఇంకాస్త వోల్టేజీ అడుగుతుంది. జనవరిలో 78 డిగ్రీల దగ్గర 1.3 వోల్టులు చాలింది. మేలో 90 దగ్గర చాలలేదు. పైగా వేడిలో లీకేజీ కరెంటు పెరిగి, అది మళ్లీ వేడిని పెంచుతుంది. నాలుగు నెలల దుమ్ము దానికి తోడు. అంటే నేను జనవరిలో పరీక్ష పెట్టింది ప్రాసెసర్‌కి కాదు, చలికాలానికి.

అందుకే నా పద్ధతి ఇది. మీరు ఏ నెలలో సెట్టింగ్ పెట్టినా, కొలత మాత్రం మే మధ్యాహ్నమే. చలికాలంలో పరీక్ష చేస్తుంటే గదిలో థర్మామీటర్ పెట్టి, వచ్చిన అంకెకి మే తేడా కలుపుకోండి. గదిలో 25 ఉండగా 70 వచ్చిందంటే మేలో 83 అనుకోవాలి. ఏసీ గదిలో పరీక్ష చేసేవాళ్లు ఏసీ ఆపి చేయండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు ఏసీ ఉండదు, మీ ఎక్స్‌పోర్ట్ మాత్రం ఉంటుంది.

నీళ్లు పోసే ఎయిర్ కూలర్‌ని కేబినెట్‌కి ఎదురుగా తిప్పడం మాత్రం చేయకండి. చల్లగానే ఉంటుంది, కానీ తుంపర్లు బోర్డు మీద పడితే అక్కడితో సరి.

ఎన్ని డిగ్రీల దాకా పర్వాలేదు?

కంపెనీ పెట్టిన గరిష్ఠ పరిమితులు వేరు, మనం పెట్టుకోవాల్సినవి వేరు. రైజెన్ 5600కి పరిమితి 90. రైజెన్ 7000 సిరీస్‌లో మామూలు వాటికి 95, 7800ఎక్స్3డీకి 89. ఇంటెల్ 12వ తరం కె ప్రాసెసర్లకి 100. ఆ గీత తాకగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అదీ దాటిపోతే ఆగిపోతుంది. కాబట్టి వేడికి ఒక్కసారిగా కాలిపోయే భయం చాలా తక్కువ. నేను మాత్రం బాగా బరువు పెట్టినప్పుడు గరిష్ఠానికి 8, 10 డిగ్రీలు కిందే ఉంచుతాను. ఆ ఖాళీ రోహిణి కార్తె కోసం.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

నోటుబుక్కు దగ్గర. నిజంగానే. ఏమీ మార్చకముందు సినీబెంచ్ స్కోరు, టెంపరేచర్, వోల్టేజీ, గది ఎన్ని డిగ్రీలు, ఇవి రాసుకోండి. టెంపరేచర్లు చూడటానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో చాలు, ఉచితం. తర్వాత బయాస్ కొత్త వెర్షన్ వేయండి. అది మాత్రం గాలివాన వచ్చేలా ఉన్న సాయంత్రం కాకుండా, యూపీఎస్ ఉన్నప్పుడు చేయండి. బయాస్ ఎక్కుతుండగా కరెంటు పోతే బోర్డు చచ్చుబడిపోవచ్చు.

ఇక రైజెన్ 5000, ఆ తర్వాతి వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే దారి. మల్టిప్లయర్ ముట్టుకోకండి. బయాస్‌లో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ అని ఉంటుంది, అందరూ పీబీఓ అంటారు. అందులో కర్వ్ ఆప్టిమైజర్ ఉంటుంది. దాన్ని అన్ని కోర్లకీ నెగటివ్ 10 పెట్టండి. ఒక్కో అంకెకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే ప్రాసెసర్ తానే ఇంకాస్త పైకి బూస్ట్ అవుతుంది. అంటే తగ్గించి పెంచుకోవడం. మన ఊరికి అతికినట్టు సరిపోయే పద్ధతి ఇదే, ఎందుకంటే మే నెల వస్తే అది దానంతట అదే కాస్త తగ్గుతుంది, నా 4.7లాగా మొండికేయదు.

నెగటివ్ 10తో రెండు మూడు రోజులు మీ మామూలు పనులు చేసుకోండి. బాగుంటే 15, తర్వాత 20. ఒకేసారి 30కి దూకేవాళ్లే మళ్లీ నాకు ఫోన్ చేస్తారు. ఒక్కసారికి ఒక్కటే మార్పు. ర్యామ్, పీబీఓ, ఫ్యాన్ కర్వ్ మూడూ ఒకే రాత్రి మార్చేస్తే దేనివల్ల ఆగిపోయిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

పవర్ పరిమితి గురించి కూడా ఒక మాట. నా 65 వాట్ల 5600కి కంపెనీ పెట్టిన సాకెట్ పరిమితి 76 వాట్లు. పీబీఓలో దాన్ని ఆటో అని వదిలేస్తే కొన్ని బోర్డులు ఎడాపెడా పెంచేస్తాయి. మీరే ఒక అంకె ఇవ్వండి, టవర్ కూలర్ ఉంటే 90 నుంచి 100 మధ్య.

ఏమీ చేయకుండానే 1.45 వోల్టులు చూపిస్తోంది. టెన్షన్‌గా ఉంది.

రైజెన్ కొన్నాక మొదటి వారంలో అందరికీ వచ్చే టెన్షన్ ఇది. పని లేనప్పుడు, ఒక్క కోర్ ఒక్క క్షణం పైకి బూస్ట్ అయినప్పుడు అంత వోల్టేజీ కనిపించడం మామూలే, అప్పుడు కరెంటు చాలా తక్కువ ప్రవహిస్తుంది. అన్ని కోర్లూ పని చేస్తున్నప్పుడు అదే 1.1, 1.2 దగ్గరికి దిగుతుంది. ప్రమాదం ఎక్కడంటే, ఆ 1.45ని చూసి "కంపెనీయే ఇస్తోంది కదా" అని మాన్యువల్‌గా అన్ని కోర్లకీ అదే పెట్టడం. అలా చేస్తే ప్రాసెసర్ ఆయుష్షు నిజంగానే తగ్గుతుంది. నేను 5000 సిరీస్‌లో మాన్యువల్‌గా ఎప్పుడైనా పెట్టాల్సి వస్తే 1.25 దాటను. 1.3 సంగతి పైన చదివారుగా.

టెస్ట్ ఎంతసేపు చేయాలి?

సినీబెంచ్ ఒకసారి పాసయిందంటే ఏమీ తేలినట్టు కాదు. అరగంట లూప్‌లో వదలండి. తర్వాత ప్రాసెసర్‌కి బరువు పెట్టే ప్రోగ్రామ్‌లు ఓసీసీటీ గానీ ప్రైమ్95 గానీ ఒక గంట. ప్రైమ్95లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ అన్నది చాలా క్రూరమైన పరీక్ష, మీ నిజజీవితంలో అంత వేడి రాదు, అందుకని అందులో టెంపరేచర్ చూసి బెంబేలు పడకండి.

కర్వ్ ఆప్టిమైజర్‌తో ఒక తమాషా ఉంది. బరువు పెడితే గంటలకొద్దీ నిలబడుతుంది, ఖాళీగా యూట్యూబ్ చూస్తుంటే రీస్టార్ట్ అవుతుంది. మా పిన్ని కొడుకు "వైరస్ పట్టిందేమో" అని విండోస్ రెండుసార్లు మళ్లీ వేసుకున్నాడు. తక్కువ పనిలో ఒక్క కోరే బాగా పైకి బూస్ట్ అవుతుంది, అక్కడ మనం తగ్గించిన వోల్టేజీ చాలదు. దీన్ని పట్టుకోవడానికి కోర్‌సైక్లర్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఒక్కో కోర్‌నీ విడివిడిగా పరీక్షిస్తుంది. రాత్రి పడుకునే ముందు పెట్టి వదిలేయండి. ఏ కోర్ తప్పిందో పొద్దున చెబుతుంది, దానికొక్కదానికి నెగటివ్ అంకె తగ్గిస్తే, అంటే 20ని 15 చేసినట్టు, సరిపోతుంది.

నీలం తెర రాకపోయినా విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ పేరుతో ఏమైనా ఉన్నాయేమో చూడండి. ప్రాసెసర్ లోపల తప్పు జరిగి, తనే దిద్దుకున్న గుర్తులు అక్కడ ఉంటాయి. ఈ రోజు దిద్దుకుంది, రేపు దిద్దుకోలేకపోవచ్చు. ఒక్కటి కనిపించినా ఒక మెట్టు దిగండి.

ఇంకో గుర్తు: ఫ్రీక్వెన్సీ పెద్ద అంకె చూపిస్తూ స్కోరు మాత్రం తగ్గడం. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఎఫెక్టివ్ క్లాక్ అనే వరుస చూడండి, అసలు రంగు అక్కడ బయటపడుతుంది.

ఎక్స్ఎంపీ ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకింగేనా?

ఎక్స్ఎంపీ అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడుకి నడిపే బయాస్ సెట్టింగ్. లెక్క ప్రకారం అవును, ఓవర్‌క్లాకింగే. కానీ చేయండి. 3200 అని డబ్బు పెట్టి కొన్న డీడీఆర్4 ర్యామ్ చాలా సిస్టమ్‌లలో 2133 లేదా 2666 దగ్గరే నడుస్తూ ఉంటుంది, ఎందుకంటే బయాస్‌లో ఎవరూ ఆ బటన్ నొక్కలేదు. మీ సిస్టమ్‌కి వచ్చే లాభాల్లో అతి పెద్దది, అతి తేలికైనది ఇదే కావచ్చు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి స్పీడు చూడండి. ఏఎం5 (రైజెన్ 7000తో వచ్చిన సాకెట్) బోర్డుల్లో దీన్నే ఎక్స్‌పో అంటారు. వాళ్లు మాత్రం పాత బయాస్‌తో ఎక్స్‌పో ఆన్ చేయొద్దు. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయాయి. ఎస్ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి ఇచ్చేది) మితిమీరడమే అందుకు కారణమని తేలి, తర్వాతి బయాస్‌లలో ఆ వోల్టేజీ 1.3 దాటకుండా ఏఎండీ గీత గీసింది.

మార్చాక మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడపండి. ర్యామ్ తప్పు ప్రాసెసర్ తప్పు కన్నా దొంగది, చెప్పకుండా ఫైళ్లు పాడుచేస్తుంది.

నాది ఇంటెల్ కె. మల్టిప్లయర్ పెంచనా?

12వ తరం అయితే పర్వాలేదు. వోల్టేజీ అడాప్టివ్‌లో (వేగాన్ని బట్టి అదే పెరిగి తగ్గేలా) ఉంచి, మల్టిప్లయర్ ఒక్కో అంకె పెంచుతూ, ప్రతి అంకె దగ్గరా పరీక్షిస్తూ వెళ్లండి. లోడ్ లైన్ కాలిబ్రేషన్ అనేదాన్ని మధ్యస్థంగా ఉంచండి. బరువు పడినప్పుడు వోల్టేజీ కాస్త జారడం సహజం, దాన్ని పూర్తిగా ఆపాలని చివరి మెట్టుకి పెడితే బరువు తీసేసిన క్షణంలో వోల్టేజీ ఎగదన్నుతుంది.

13, 14 తరాలైతే ఓవర్‌క్లాక్ మాట తర్వాత, ముందు బయాస్ మార్చండి. వాటిలో అవసరానికి మించిన వోల్టేజీ వల్ల ప్రాసెసర్లు క్రమంగా పాడైపోతున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుంది. ఆగస్టులో 0ఎక్స్129, ఆ తర్వాత 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్‌లు (బయాస్‌తో పాటు వచ్చే ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది, డబ్బాలో అమ్మిన వాటికి వారంటీ రెండేళ్లు పెంచింది. అప్పటికే పాడైనదాన్ని మైక్రోకోడ్ బాగుచేయదు. ఐ7, ఐ9 ఉన్నవాళ్లకి నా సలహా ఓవర్‌క్లాక్ వద్దు, పవర్ పరిమితి తగ్గించుకోండి.

బోర్డులో ఒక్క బటన్‌తో ఓవర్‌క్లాక్ అయ్యే సదుపాయం ఉంది. వాడనా?

వద్దు. ఏ చిప్ వచ్చినా పనిచేయాలి కాబట్టి అవి వోల్టేజీ ధారాళంగా పోస్తాయి. అమెరికాలో ఏసీ గదిలో ఉన్నవాడికి నష్టం లేదు. మీ గదిలో ఫ్యాన్ మోత చూసి "ఆ డబ్బాలో హెలికాప్టర్ పెట్టావా?" అని అమ్మ అడుగుతుంది. మా ఇంట్లో అడిగింది.

కరెంటు హెచ్చుతగ్గులకి ఏమైనా అవుతుందా?

ముందు ఎర్తింగ్ చూసుకోండి. కేబినెట్ వెనక స్క్రూ ముట్టుకుంటే జివ్వుమంటోందా? అయితే మీ ప్లగ్‌కి ఎర్త్ లేదు. పాత పోర్షన్లలో, హాస్టళ్లలో చాలా చోట్ల మూడో రంధ్రం వెనక వైరే ఉండదు. ఓవర్‌క్లాకింగ్ కన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

యూపీఎస్ కొనేటప్పుడు వీఏ అంకెని వాట్లు అనుకోకండి. 600 వీఏ అంటే సాధారణంగా 360 వాట్లే. మామూలుగా 320 వాట్లు తీసుకునే సిస్టమ్ ఓవర్‌క్లాక్ తర్వాత 380కి వెళ్తే, కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కుయ్‌మని ఆగిపోతుంది. ఓవర్‌క్లాక్ ఆగలేదు, యూపీఎస్ ఆగింది. ఈ రెంటినీ కలిపి కంగారు పడేవాళ్లు చాలామంది.

కరెంటు బిల్లు?

60 వాట్లు ఎక్కువ తింటుందనుకుందాం. రోజుకి నాలుగు గంటలు పూర్తి బరువు మీద ఉంటే నెలకి 7.2 యూనిట్లు. దీని గురించి ఇంట్లో గొడవ పెట్టుకోవాల్సినంత లేదు.

వారంటీ పోతుందా?

ఓవర్‌క్లాకింగ్ వల్ల జరిగిన నష్టానికి వారంటీ వర్తించదని రెండు కంపెనీలూ రాసి ఉంచాయి. పీబీఓ కూడా అందులోకే వస్తుంది. అమ్మేవాళ్లు "అదేం చేయదు బాబూ" అంటారు, కానీ రాత అదీ. నాన్న డబ్బుతో కొన్న సిస్టమ్ అయితే ఈ మాట ఆయనకి ముందే చెప్పండి.

దుమ్ము ఎన్నాళ్లకోసారి తీయాలి?

విజయవాడలో మూడు నెలలకోసారి. గుంటూరులో మిర్చి యార్డు వైపు ఉండేవాళ్లు ఇంకా ముందే. మా పిన్ని కొడుకు ఫ్రెండ్ ఒకడి కేబినెట్ తెరిస్తే హీట్‌సింక్ రెక్కల మధ్య ఎర్రటి పొర, బ్లోయర్ కొట్టగానే గదిలో నలుగురం తుమ్ములే తుమ్ములు. మూతికి గుడ్డ కట్టుకుని బాల్కనీలో చేయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే అది గింగిరాలు తిరిగి బేరింగ్ పోతుంది.

కూలర్ విప్పితే పేస్టు మళ్లీ వేయాల్సిందే, బఠాణీ గింజంత చాలు. ఏఎం4 వాళ్లు, అంటే నా 5600 లాంటి రైజెన్ 5000 దాకా ఉన్నవాళ్లు, జాగ్రత్త. కూలర్‌ని నిట్టనిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా పిన్నులతో సహా ఊడి వచ్చేస్తుంది. ముందు పది నిమిషాలు సిస్టమ్ నడిపి పేస్టు వెచ్చబడ్డాక, ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి.

సెట్టింగ్ మార్చాక అసలు ఆన్ అవ్వట్లేదు! చచ్చిందా?

చావలేదు. కంగారుపడి షాపుకి మోసుకెళ్లకండి. ముందు ఐదు నిమిషాలు ఓపిక పట్టండి, ర్యామ్ సెట్టింగ్ మారితే, అందులోనూ ఏఎం5లో, తెర రావడానికి చాలాసేపు పడుతుంది. చాలా బోర్డులు రెండు మూడుసార్లు ఆగి ఆగి, తమంతట తామే పాత సెట్టింగ్‌కి వెళ్తాయి. అప్పటికీ రాకపోతే ప్లగ్ తీసేసి, పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డు మీద గుండ్రటి బటన్ బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032. అది తీసి పావుగంట ఆగి మళ్లీ పెట్టండి. లేదా సీమాస్ క్లియర్ అని రాసి ఉన్న రెండు పిన్నులని స్క్రూడ్రైవర్ మొనతో కొన్ని సెకన్లు కలపండి. అన్నీ మొదటికి వస్తాయి, విండోస్ ఫైళ్లకి ఏమీ కాదు. టైమ్, తేదీ మళ్లీ పెట్టుకోవాలి, అంతే. విండోస్‌లో డ్రైవ్‌కి బిట్‌లాకర్ ఉంటే మాత్రం రికవరీ కీ అడగొచ్చు, అది ముందే రాసి పెట్టుకోండి.

మీ సిస్టమ్‌లో ఇప్పుడు ఏ సెట్టింగ్ ఉంది?

బయాస్‌లో రెండు ప్రొఫైళ్లు సేవ్ చేసి పెట్టుకున్నాను. ఒకటి సంక్రాంతి: నాలుగు కోర్లకి నెగటివ్ 20, రెండు మొండి కోర్లకి నెగటివ్ 8, పవర్ పరిమితి 95 వాట్లు. రెండోది రోహిణి: అవే నెగటివ్ అంకెలు, పవర్ మాత్రం 76. ఉగాది పచ్చడి తిన్నాక దుమ్ము దులిపి రెండోదానికి మారతాను, తొలకరి పడ్డాక మళ్లీ మొదటిదానికి. 20 నిమిషాల ఆ ఎక్స్‌పోర్ట్ ఇప్పుడు ఎండాకాలంలో 19న్నర పడుతోంది. ఆ తర్వాత ఏ తలంబ్రాల సీన్‌లోనూ ఆకుపచ్చ గళ్లు రాలేదు.